కేసు షీటు నుంచి జర్నల్ దాకా: డెల్టా ఆసుపత్రుల పరిశోధన ఎక్కడ ఆగిపోతోంది?

తొలకరి పడిన దగ్గర్నుంచి సార్వా (వానాకాలపు వరి) కోతలు ముగిసే దాకా గోదావరి డెల్టా ఆసుపత్రుల క్యాజువాల్టీలకు పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. చేలో రక్తపింజర కరిచినవాళ్లు, రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిచినవాళ్లు, ఏది కరిచిందో తెలియనివాళ్లు. ఇన్ని కేసులు చేతుల మీదుగా నడిపించిన అనుభవం చాలా దేశాల వైద్యులకు దొరకదు. 1958లో మొదలైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల తర్వాత రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరులలో కూడా వైద్య కళాశాలలు వచ్చాయి. ఏటా పీజీలు థీసిస్‌లు రాస్తున్నారు. అయితే థీసిస్‌గా బైండయిన పనిలో జర్నల్ పేపర్‌గా బయటికొచ్చేది కొంతే.

పంపిన పేపర్ తిరిగొస్తే మన ఇంగ్లీషు బాగాలేకపోవడం వల్లేనని చాలామంది సరిపెట్టుకుంటారు. భాష దిద్దడం తేలిక, దిద్దేవాళ్లూ దొరుకుతారు. ఎడిటర్‌ని అసలు ఆపేది వేరే ప్రశ్న: ఈ రోగుల్ని లెక్కలోకి ఎలా తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఎందుకు? ఈ ప్రశ్నకు పేపర్‌లో జవాబు లేకపోతే ఎంత చక్కటి ఇంగ్లీషు రాసినా ప్రయోజనం ఉండదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించి వేసినవే, చిక్కులు మాత్రం నిజమైనవి. 2019 జనవరి నుంచి 2023 డిసెంబరు దాకా ఒక పెద్దాసుపత్రికి వచ్చిన పాముకాటు కేసుల మీద పేపర్ రాయాలి. క్యాజువాల్టీ రిజిస్టరులో 412 పేర్లున్నాయి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసుల) రిజిస్టరులో 377. మెడికల్ రికార్డుల సెక్షన్‌లో జబ్బులకు అంతర్జాతీయంగా ఇచ్చే ఐసీడీ-10 కోడ్‌లలో పాము విషానిదైన టీ 63.0 తో వెతికితే 341 షీట్లే వచ్చాయి. మూడు చోట్లా మూడు అంకెలు. చాలా పేపర్లు వీటిలో ఒకదాన్ని పట్టుకుని, మిగతా రెండింటి ఊసెత్తకుండా ముందుకు వెళ్లిపోతాయి.

సరైన పని ఏమిటంటే మూడు జాబితాల్నీ పేరు, వయసు, చేరిన తేదీలతో పోల్చి ఒకే జాబితా చేయడం. మిగతా రెండు జాబితాల్లోని పేర్లన్నీ ఆ 412లోనే ఉన్నాయనుకుందాం. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగాలి. తేలు, జెర్రి, కందిరీగ కేసులు 46 తీసేస్తే 366. షీటు దొరకనివి 38 పోతే 328. పీహెచ్‌సీ నుంచి ఒకసారి, ఏరియా ఆసుపత్రి నుంచి ఇంకోసారి రిఫరై రెండుసార్లు నమోదైనవి 29 పోతే 299. ఈ మెట్లన్నీ పేపర్‌లో మొదటి బొమ్మగా ఉండాలి. పరిశీలనాత్మక అధ్యయనాలకు స్ట్రోబ్ అనే 22 అంశాల చెక్‌లిస్టు ఉంది. ఏ దశలో ఎంతమంది ఉన్నారో, ఎందుకు తగ్గారో చెప్పమని అది స్పష్టంగా అడుగుతుంది. ఆసుపత్రి రికార్డుల మీద చేసే పనికి దానికి అనుబంధంగా రికార్డ్ అనే మార్గదర్శకం కూడా ఉంది. కోడ్ ఏది వాడారో, ఆ కోడ్ ఎంతవరకు నమ్మదగినదో అందులో అడుగుతారు. ఈ రెండూ ఈక్వేటర్ నెట్‌వర్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాయడం పూర్తయ్యాక నింపే ఫారంగా కాక, డేటా షీటు తయారుచేసే రోజునే చదవాల్సినవి ఇవి. కాలం దాటాక చదివితే అడిగిన సమాచారం అసలు సేకరించలేదని అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 299 మందిలో 14 మంది చనిపోయారు, 17 మంది లామా, అంటే వైద్యుల సలహా కాదని వెళ్లిపోయారు అనుకుందాం. డెల్టాలో ఇది చాలా మామూలు. ఆశ వదులుకున్నాక ఇంటికి తీసుకుపోయేవాళ్లూ, నాటు మందుకు వెళ్లేవాళ్లూ, డబ్బు చాలక వెళ్లేవాళ్లూ అందరూ ఆ ఒక్క మాట కిందే ఉంటారు. లామా అందరూ బతికారనుకుంటే మరణాలు 4.7 శాతం. వాళ్లను లెక్కలోంచి తీసేస్తే 282 మందిలో 5 శాతం. అందరూ చనిపోయారనుకుంటే 10.4 శాతం. ఒకే రిజిస్టరు నుంచి వచ్చిన ఈ అంకెల్లో రెండింతల తేడా ఉంది. ఏ లెక్క వాడారో చెప్పని పేపర్‌ని రివ్యూయర్ (జర్నల్ తరఫున పేపర్‌ని పరిశీలించే నిపుణుడు) నమ్మడు, నమ్మకూడదు కూడా. మూడూ చూపించి, వీలైతే ఫోన్ చేసి ఎంతమంది సంగతి తెలిసిందో రాస్తే ఆ పేపర్‌కి వచ్చే బలం వేరు.

మరో తప్పు జిల్లాల దగ్గర జరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో తూర్పు గోదావరి జిల్లా జనాభా 51 లక్షల 54 వేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయాయి, రంపచోడవరం వైపు ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది, పాత పశ్చిమ గోదావరిలోని కొవ్వూరు, నిడదవోలు ఇటు చేరాయి. కాబట్టి 2019 నుంచి 2023 దాకా సాగిన అధ్యయనంలో తూర్పు గోదావరి అన్న ఒకే పేరు రెండు వేర్వేరు ప్రాంతాలకు వర్తిస్తుంది. లక్ష జనాభాకు ఇన్ని కేసులని లెక్కగట్టి పాత జనాభాతో కొత్త జిల్లాను భాగిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మండలాల వారీగా కలుపుకోవడమే దారి. బయటి రివ్యూయర్‌కి ఈ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి రాసేవాళ్లే చెప్పాలి. సార్వా, దాళ్వా అని రాస్తే కూడా బయటివాళ్లకు అర్థం కాదు. నెలలు రాయాలి.

పద్ధతులు: వంటవాడికి చెప్పినట్టు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఫాస్ఫరస్‌ను రంగు తీవ్రత ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఆ పద్ధతిని వాడాయి. వేరే ఊళ్లో, వేరే చేతులు అదే పని చేస్తే అదే ఫలితం రావాలి, పద్ధతుల భాగం రాసేది అందుకే. తర్వాత అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన డైఈథైల్‌కార్బమజీన్, బోదకాలు పట్టి పీడించిన ఈ డెల్టాలోనే ఇంటింటికీ పంచే మాత్రయింది.

పాముకాటు పేపర్‌లో పద్ధతుల భాగానికి గట్టి పరీక్ష 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష. 20 నిమిషాల పరీక్ష చేశాం అని ఒక్క వాక్యంతో వదిలేసే పేపర్లు కోకొల్లలు. నిజానికి శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబులో 2 మిల్లీలీటర్ల సిర రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారే వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబులో రక్తం గడ్డకట్టడం సరిగా మొదలవదు. సబ్బు నీళ్లతో కడిగిన గాజు ట్యూబు కూడా అంతే. అప్పుడు విషం ఎక్కని మనిషికి కూడా గడ్డకట్టలేదనే ఫలితం వచ్చి, అక్కర్లేని ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కిస్తారు. మధ్యలో పదేపదే వంచి చూసినా ఫలితం మారిపోతుంది. అందుకే ట్యూబు ఏ రకం, ఎవరు చేశారు, డ్యూటీ డాక్టరా, హౌస్‌సర్జనా, ఎన్ని గంటలకోసారి మళ్లీ చేశారు అన్నవన్నీ రాయాలి. ఏఎస్‌వీ గురించి కూడా మొదటి డోసు ఎన్ని వయల్స్, ఎంతసేపట్లో ఎక్కించారు, ఏ గుర్తు చూసి మళ్లీ ఇచ్చారు అన్నది ఉండాలి.

పద్ధతుల్లో దాక్కుని ఉండే ఇంకో చిక్కు మన భాషది. రోగి నీరసంగా ఉందండీ అంటాడు. హౌస్‌సర్జన్ షీటులో వీక్‌నెస్ అని రాస్తాడు. రెండేళ్ల తర్వాత డేటా తీసే పీజీ ఆ మాటను కండరాల పక్షవాతం గడిలో వేస్తాడు. కట్లపాము విషం ఎక్కిందనడానికి గుర్తు నీరసం కాదు. రెప్పలు వాలడం, మింగలేకపోవడం, మెడ నిలపలేకపోవడం. షీటులో ఇవి విడిగా లేకపోతే ఆ లక్షణాన్ని తెలియదు అనే గడిలోనే ఉంచాలి. ప్రశ్నావళితో చేసే అధ్యయనాల్లోనూ ఇంతే. ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి మార్చి, ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చామని చెప్పకపోతే రివ్యూయర్ ముందుగా దాన్నే పట్టుకుంటాడు.

ఫలితాలు, వాటి నుంచి తీసే మాట

రాయడం పట్టికలతో మొదలుపెట్టడం మేలు. తర్వాత పద్ధతులు, ఫలితాలు, ఆ తర్వాత ఉపోద్ఘాతం, చర్చ, చివర్న సారాంశం, పేరు. థీసిస్‌లో 40 పేజీల సాహిత్య సమీక్ష ఉంటుంది. పేపర్‌లో ఉపోద్ఘాతం మూడు పేరాలు దాటకూడదు: ఇప్పటికి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, మనం దేని కోసం వెతికాం. పాము ఎన్ని జాతులో చెప్పనక్కర్లేదు.

ఏది కరిచిందో తెలియని కేసులకు పట్టికలో వేరే వరుస ఉండాలి. వాళ్లను విషం లేని కాటులో కలిపేస్తే మిగతా శాతాలన్నీ తప్పుతాయి. పీ విలువను (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశాన్ని) 0.000 అని సాఫ్ట్‌వేర్ చూపించినట్టే రాయకూడదు, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. పీ విలువ ఒక్కటే చాలదు, తేడా ఎంతో 95 శాతం విశ్వాస అంతరంతో (అసలు విలువ ఉండగల పరిధితో) చెప్పాలి. కాటుకూ ఆసుపత్రికి చేరడానికీ మధ్య గంటలకు సగటు పనికిరాదు. ఇద్దరు ముగ్గురు రెండు రోజుల తర్వాత వస్తే సగటు ఎగిరిపోతుంది. మధ్యగతం, క్వార్టైల్ అంతరం (మధ్యలోని సగం మంది విలువల పరిధి) ఇవ్వాలి. మరణాలు 14 ఉన్న చోట పది కారణాలను ఒకేసారి లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూసే గణాంక పద్ధతిలో) వేయడం డెల్టా థీసిస్‌లలో తరచూ కనిపించే తప్పు. ఒక్కో కారణానికి కనీసం పది సంఘటనలు (ఇక్కడ మరణాలు) ఉండాలన్నది మోటు లెక్కే అయినా, దాని ప్రకారం ఇక్కడ ఒక్క కారణానికే చోటుంది. పదీ వేస్తే వచ్చే ఫలితం ఇంకో ఆసుపత్రిలో నిలవదు.

ఎక్కువమంది కాలు జారేది మాత్రం వ్యాఖ్యానంలో. 30 వయల్స్ ఇచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువ, 10 వయల్స్ ఇచ్చినవాళ్లలో తక్కువ అని పట్టికలో వచ్చిందనుకోండి. దీన్ని చూసి ఎక్కువ ఏఎస్‌వీ హానికరం అని తేల్చేస్తారు. పరిస్థితి విషమించినవాళ్లకే ఎక్కువ వయల్స్ ఇస్తారు కదా! మందు పడటానికి ముందే రెండు గుంపుల మధ్య తేడా ఉంది. ఇలాంటి ముగింపు అచ్చయితే, దాన్ని చదివి రేపు ఎక్కడో ఒక డ్యూటీ డాక్టరు వెనకాడవచ్చు. అందువల్ల ఈ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదు. అలాగే పీహెచ్‌సీలోనే నయమైనవాళ్లూ, దారిలోనే పోయినవాళ్లూ పెద్దాసుపత్రి రిజిస్టరులో ఉండరు. కాబట్టి డెల్టాలో పాముకాటు మరణాలు ఇంత అనడానికి వీల్లేదు. ఈ ఆసుపత్రికి చేరినవాళ్లలో ఇంత అనే చెప్పాలి. పరిమితుల పేరాలో ఈ మాట నిజాయితీగా రాస్తే రివ్యూయర్ గౌరవిస్తాడు.

సారాంశం సాధారణంగా 250 పదాలు. అందులోని ప్రతి అంకె పట్టికలోని అంకెతో సరిపోవాలి. పట్టికలో 299, సారాంశంలో 301 ఉన్న పేపర్ మీద ఎడిటర్‌కి అక్కడే నమ్మకం పోతుంది. మరిన్ని పరిశోధనలు అవసరం అన్న వాక్యంతో ముగింపు నింపేకంటే దొరికిన సంగతి ఒక్కటి సూటిగా చెప్పాలి.

అనుమతి, పేర్లు, బొమ్మలు

ఎథిక్స్ కమిటీ అనుమతి షీట్లు తీయడానికి ముందే ఉండాలి. పాత రికార్డులే కదా, రోగిని ముట్టుకోలేదు కదా అనుకోవడం పొరపాటు. సమ్మతి పత్రం అక్కర్లేదని మినహాయించే అధికారం కమిటీదే తప్ప పరిశోధకుడిది కాదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల సారం. పని అయిపోయాక వెనక తేదీతో అనుమతి ఇవ్వరు, అడగకూడదు. అనుమతి సంఖ్య, తేదీ పేపర్‌లో రాయాలి. మందునో చికిత్సనో పరీక్షించే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చడానికి ముందే సీటీఆర్‌ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్ట్రీ ముందస్తు నమోదులనే తీసుకుంటోంది. ఈ ఒక్క కారణంతో ఎంతో శ్రమపడి చేసిన ట్రయల్స్ మంచి జర్నళ్లకు దూరమైపోతాయి.

రచయితల జాబితా అన్నిచోట్లా సున్నితమైన వ్యవహారం. ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో, డేటాలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు, రాయడం లేదా విషయాన్ని పట్టి దిద్దడం, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. విభాగాధిపతి అయినంత మాత్రాన, పడకలు కేటాయించినంత మాత్రాన రచయిత కారు. వారికి కృతజ్ఞతల్లో చోటుంది. పేరు పెట్టకపోతే సార్ ఏమనుకుంటారో అన్న భయం నిజమైనదే. అందుకే వరుసను పని మొదట్లోనే, కాగితం మీద రాసుకుని అందరూ ఒప్పుకోవాలి. చాట్‌బాట్‌ను రచయితగా పెట్టకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి. అది ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటిగా పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచికలో) తెరిచి చూడాలి. లేని పేపర్లను ఉన్నట్టు రాయడం దానికి అలవాటు.

తెలుగు పేర్లు ఇంకో తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పోర్టల్ లాస్ట్ నేమ్ అడుగుతుంది. ఒక పేపర్‌లో ఇంటిపేరు, ఇంకో పేపర్‌లో సత్యనారాయణ, మూడో దాంట్లో వీవీ సత్యనారాయణ అని పడితే ఒకే మనిషి ముగ్గురుగా మిగిలిపోతాడు. సుబ్బారావు గారి పద్ధతిని ప్రపంచం ఫిస్కే–సుబ్బారో అనే పిలిచింది, యల్లాప్రగడ ఒక్క వై అక్షరంగా మిగిలింది. ఏ రూపం ఎంచుకున్నా జీవితాంతం అదే వాడాలి. పరిశోధకుడిని గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉచితం, మొదటి పేపర్‌కి ముందే తీసుకోవాలి.

కాటు ఫొటోలు వాట్సాప్‌లో పంపుకున్నవి పనికిరావు, అందులో ఫొటో కుంచించుకుపోతుంది. అచ్చులో ఒక కాలమ్ 85 మిల్లీమీటర్లనుకుంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన కనీసం 1000 పిక్సెళ్ల వెడల్పు కావాలి. ఫోన్‌లోని అసలు ఫైలే దాచుకోవాలి. ముఖం కనిపించే ఫొటోలో కళ్ల మీద నల్ల గీత పెడితే చాలదు, రోగి సమ్మతి కావాలి. చిన్న ఊళ్లలో ఫొటో లేకపోయినా గుర్తుపడతారు. ఫలానా లంక గ్రామంలో 58 ఏళ్ల కొబ్బరి దింపుకార్మికుడు ఫలానా తేదీన చెట్టు మీద నుంచి పడ్డాడని రాస్తే కోనసీమలో ఆ చుట్టుపక్కల అందరికీ ఆయనెవరో తెలుసు. ఊరు, తేదీ తీసేస్తే వైద్యపరంగా పోయేదేమీ లేదు.

ఏ జర్నల్, ఎలా పంపాలి

జర్నల్ ఏ ఇండెక్స్‌లో (జర్నళ్లను నమోదు చేసే సూచికలో) ఉందో దాని సొంత వెబ్‌సైట్ చెప్పిన మాట నమ్మకూడదు. మెడ్‌లైన్ అయితే ఎన్‌ఎల్‌ఎమ్ (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) కేటలాగ్‌లో, స్కోపస్ అయితే దాని సోర్స్ జాబితాలో, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) అయితే అలాంటి జర్నళ్ల డైరెక్టరీ డీఓఏజేలో వెతకాలి. పబ్‌మెడ్‌లో కనిపించేవన్నీ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. ప్రమోషన్‌కి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) అడిగే ఇండెక్సులు కూడా నిబంధనలతో పాటు మారుతుంటాయి, పంపే రోజున తాజా ప్రతి చూసుకోవాలి. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ అంటూ మెయిల్ పంపి, 48 గంటల్లో అంగీకారం, ఆ వెంటనే ఫీజు అనే జర్నళ్లకు పంపితే డబ్బుతో పాటు పేపర్ కూడా పోతుంది. వెనక్కి అడిగితే ఉపసంహరణ ఫీజు అడుగుతారు. ఒకసారి అచ్చయిన దాన్ని మరో జర్నల్ ముట్టుకోదు.

మంచి జర్నల్‌కి పంపేటప్పుడు టైటిల్ పేజీ వేరు, ప్రధాన ఫైలు వేరు. ఇరువైపులా పేర్లు దాచే సమీక్ష అయితే ప్రధాన ఫైలులో ఆసుపత్రి పేరు, ఎథిక్స్ కమిటీ పేరు ఉండకూడదు. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో ఉండే రచయిత పేరును తీసేయడం చాలామంది మర్చిపోతారు. రిఫరెన్సులు చేత్తో కొట్టకుండా జొటీరో అనే సాఫ్ట్‌వేర్ వాడితే జర్నల్ మారినప్పుడు శైలి నిమిషంలో మారుతుంది. కవర్ లెటర్ అరపేజీ చాలు: ఏం దొరికింది, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు కావాలి, ఇంకెక్కడా పంపలేదు. ఫైళ్లన్నీ ఎక్కించాక ఎడిటోరియల్ మేనేజర్ లాంటి పోర్టళ్లు ఒక పీడీఎఫ్ తయారుచేసి ఆమోదం అడుగుతాయి. అది నొక్కకపోతే పేపర్ జర్నల్‌కి చేరదు. రెండు నెలలు ఎదురుచూశాక ఈ సంగతి తెలిసినవాళ్లున్నారు. కరస్పాండింగ్ రచయిత (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) మెయిల్‌గా, పీజీ అయిపోగానే వెళ్లిపోయే విద్యార్థిది కాక నిలకడగా చూసేవాళ్లది ఇవ్వాలి.

వారంలోపే తిరిగొస్తే అది చాలావరకు ఎడిటర్ బల్ల దగ్గరే ఆగిన పేపర్. కారణం చదివి, దిద్ది, వేరే జర్నల్‌కి పంపడమే. రివ్యూ దాకా వెళ్తే నెలలు పడుతుంది. ఆలోగా రెండో చోటికి పంపకూడదు. పంపాలనుకుంటే ముందు ఉపసంహరణ కోరి, వాళ్ల నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు అందుకోవాలి. సవరించమని వస్తే మంచి వార్తే. రివ్యూయర్ మాటలు ఒక్కటీ వదలకుండా దింపి, ప్రతిదాని కింద జవాబు, పేజీ, వరుస సంఖ్య రాయాలి. ఒప్పుకోని చోట ఆధారం చూపి మర్యాదగా కాదనవచ్చు. లామా రోగుల ప్రశ్న దాదాపు తప్పకుండా వస్తుంది. మొదట్లో మెట్లు దిగి చేసిన ఆ జాబితా దాచుకుని ఉంటే జవాబు ఒక పూటలో అయిపోతుంది.

అంగీకరించాక ప్రూఫు వస్తుంది. సాధారణంగా 48 గంటలే గడువు. అక్కడ భాష దిద్దుతూ కూర్చోకుండా పట్టికల్లో దశాంశాలు, ఏఎస్‌వీ వయల్స్ సంఖ్య, మిల్లీగ్రాము మైక్రోగ్రాము తేడాలు, ప్రతి రచయిత ఇంటిపేరు ఏ వైపు పడిందో చూడాలి. ఆ గడువు దాటితే దిద్దడానికి విడిగా సవరణ నోటీసు వేయించాల్సి వస్తుంది, పేపర్ ఉన్నన్నాళ్లూ అది దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.